వినుకొండలో ఇల్లు, వక్రాలో మేము

ఆ సాయంత్రం ఆకాశంలో పేలుళ్ళు వినిపించేసరికి నేను వంటింట్లో చింతపండు పులుసు తీస్తున్నాను. ఖతార్‌లో, దోహా పక్కనున్న అల్ వక్రాలో ఏడో అంతస్తు మాది. మొదటి శబ్దానికి కింద ఏ లారీ టైరో పేలిందనుకున్నాను. రెండోదానికి కిటికీ అద్దాలు అదిరాయి. మా ఆయన బాల్కనీలోకి వెళ్ళబోతే తొమ్మిదేళ్ళ మా అమ్మాయి ఆయన చొక్కా పట్టుకుని లోపలికి లాగింది. ముగ్గురం నడవలో గోడకి ఆనుకుని కూర్చున్నాం. కాసేపటికి సద్దుమణిగింది. అవి క్షిపణులని, విమానాలు ఆపేశారని, మళ్ళీ వదిలారని ఫోన్లలో మెసేజ్‌లు వచ్చాయి. మర్నాడు నేను డ్యూటీకి వెళ్ళాను. అందరూ వచ్చారు. ఎవరి పని వాళ్ళు చేసుకున్నాం.

దోహాలో ఒక కన్సల్టెన్సీ కంపెనీలో ఇళ్ళ ప్లాన్లు గీయడం నా ఉద్యోగం. పదకొండేళ్ళుగా ఇతరుల విల్లాలే గీశాను. ఆ వారం మొదటిసారి మా ఇల్లు గీయడం మొదలుపెట్టాను. వినుకొండ దగ్గర మా ఆయన వాటాకి వచ్చిన అరెకరం మెట్ట ఉంది. అక్కడ ఎవరి మీదా, దేని మీదా ఆధారపడని ఇల్లు కట్టాలనుకున్నాను. డాబా మీద సోలార్ పలకలు, మెట్ల కింద బ్యాటరీల గది, వాన నీళ్ళు పట్టే తొట్టి, కరెంటు లేకపోయినా చేత్తో కొట్టుకునే బోరింగు, ఏడాది బియ్యం దాచుకునే కొట్టు, పెరట్లో గోబర్ గ్యాస్.

ఆఫీసు నుంచి రాగానే లాప్‌టాప్ ముందు కూర్చునేదాన్ని. భోజనాల దగ్గరా అదే మాట. కరెంటు పోతే బ్యాటరీలు ఎన్ని రోజులు లాగుతాయి, ముగ్గురికి ఉప్పు ఎంత దాచాలి, మందులు ఎక్కడ పెట్టాలి. మా ఆయన మొదట్లో ఊఁ కొట్టేవారు. తర్వాత్తర్వాత కంచం తీసుకుని టీవీ ముందుకి వెళ్ళిపోయేవారు.

"నువ్వు మాతో ఉండట్లేదు. ఆ ఇంట్లో ఉంటున్నావు," అన్నారు ఒకరోజు.

నాకు కోపం వచ్చింది. ఇదంతా మీ కోసమే కదా అన్నాను. పక్కనే పిల్ల అన్నం కెలుకుతూ కూర్చుంది. అది వింటోందన్న ధ్యాస నాకు లేకపోయింది.

నేను గీసిన విల్లాలు కట్టే సైటులో ఒక పెద్ద మేస్త్రీ ఉండేవారు. జగిత్యాల వైపు మనిషి. ఇరవై ఏళ్ళకు పైగా గల్ఫ్‌లోనే పని. బిర్కత్ అల్ అవామిర్‌లో కంపెనీ పనివాళ్ళ క్యాంపులో ఉండేవారు. గోడ మందం గురించి అడుగుదామని ప్లాను ప్రింటు తీసి ఆయనకి చూపించాను. బల్ల మీద పరిచి, ఒక్కో గది మీదా వేలు పెట్టి ఓపిగ్గా చూశారు. బ్యాటరీల గదికి గాలి ఆడే దారి లేదన్నారు. నిజమే, నేను మర్చిపోయాను. ముందు బోరు వేసి, నీళ్ళు పడ్డాకే పునాది తియ్యమన్నారు. తర్వాత కాగితం మీంచి తలెత్తారు.

"ఇల్లు మంచిగుంది మేడమ్. కని దీంట్ల ఎవలుంటరు?"

ఇప్పుడైతే ఎవరూ ఉండరని, ఏదైనా జరిగితే మేం వెళ్ళి ఉంటామని చెప్పాను.

"ఏమన్న అయితే ముందుగాల విమానాలే బంద్ జేస్తరు. మొన్న చూసినం గద. మీరు ఈడనే ఉంటరు, మేము ఈడనే ఉంటం. మీ ఇంట్ల ఇప్పుడు తాగే నీళ్ళు ఎన్ని దినాలకున్నయ్ మేడమ్?"

ఎప్పుడూ చూసుకోలేదన్నాను. వాళ్ళ గదిలో ఎనిమిది మంది. పేలుళ్ళ రోజు నుంచి ఒక డ్రమ్ము నింపి మూత పెట్టి, వారానికోసారి నీళ్ళు మారుస్తున్నారట. అటుకులు, పుట్నాలు, టార్చిలైటు ఒక పెట్టెలో పెట్టుకున్నారట. దుబాయ్‌లో ఏమో అయిందట కదా అని ఊరి నుంచి అందరూ ఫోన్లు చేశారని, ఇది దుబాయ్ కాదని చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టిందని అన్నారు.

ఆ సాయంత్రం ఇంటికి రాగానే ఉన్నవేమిటో వెతికాను. ఫ్రిజ్‌లో రెండు సీసాలు, వంటింట్లో సగం క్యాను, అంతే. కొనబోయేవి దాచడానికి పనికొస్తుందని అమ్మాయి మంచం కింద ఉన్న పాత సూట్‌కేసు లాగాను. బరువుగా వచ్చింది. తెరిచి చూస్తే నాలుగు స్కూలు సీసాల నిండా నీళ్ళు, బిస్కెట్ ప్యాకెట్లు, లంచ్ బాక్సులో బూజు పట్టిన చపాతీలు. వాటి కింద మా ఆయన బీపీ మాత్రలు, రెండు స్ట్రిప్పులు.

ఆ నెల మాత్రలు ముందే అయిపోయాయని ఆయన అన్నారు. లెక్క తప్పిందనుకున్నాం. కొత్తవి తెచ్చుకోవడానికి బద్ధకించి, వారం రోజులు మందు లేకుండానే గడిపారు. తల తిరుగుతోందంటే ఎండ దెబ్బేమో అన్నాను నేను.

అమ్మాయి గుమ్మంలో నిలబడి చూస్తోంది. భయపడలేదు, ఏడవలేదు.

"అవి తియ్యకమ్మా. ఆ ఇంటికి వెళ్ళేలోపల ఇక్కడే ఏమైనా అయితే మనకి కావాలి కదా."

నేను సూట్‌కేసు ముందు నేల మీదే కూర్చున్నాను. అది నా పక్కన కూర్చుని, ప్లానులో తన గదికి కిటికీ ఎందుకు తీసేశానని అడిగింది. నిజానికి అద్దం పగిలి మీద పడుతుందని తీసేశాను. దానితో మాత్రం బియ్యం కొట్టుకి చోటు చాలక అని చెప్పాను. అది నా మొహం వంక చూసింది. నమ్మలేదని తెలుస్తూనే ఉంది.

మా ఆయనకి ఆ మాత్రలు చేతిలో పెట్టి జరిగింది చెప్పాను. ఆయన నన్నూ అనలేదు, దాన్నీ అనలేదు. స్ట్రిప్పులు జేబులో వేసుకున్నారు. మర్నాడు డాక్టర్ దగ్గరికి వెళ్తే బీపీ బాగా పెరిగిందని మోతాదు మార్చారు. ఎమర్జెన్సీ కోసమని విడిగా దాచుకోవడానికీ రాసిచ్చారు.

ఆ శుక్రవారం ముగ్గురం కలిసి వంటింట్లో ఒక అలమర ఖాళీ చేశాం. నీళ్ళ క్యాన్లు, అటుకులు, టార్చి, రేడియో, మందులు సర్దాం. ఏది ఎప్పుడు మార్చాలో అమ్మాయి కాగితం మీద రాసి అతికించింది. ఆ రెండు గంటలూ దాని మొహం తేటగా ఉంది. నేను మాత్రం నీళ్ళ క్యాన్లు చూస్తూ ఆలోచిస్తున్నాను. ఇక్కడ తాగే నీళ్ళు సముద్రం నుంచి తీసి శుద్ధి చేసినవే. వాటికి కరెంటు కావాలి, ఏడో అంతస్తుకి ఎక్కడానికి మోటారు కావాలి. ఆగస్టులో ఏసీ ఆగితే మధ్యాహ్నానికి ఈ గదులు కొలిమిలా కాగుతాయి. ఎన్ని అలమరలు నింపినా ఈ ఫ్లాటు దానంతటది నిలబడదు. ఇళ్ళు గీసే నాకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. పిల్ల ముందు అనలేకపోయాను.

కానీ లిఫ్ట్ ఆగిపోతే ఎలా అని అదే అడిగింది. మెట్ల మీంచి దిగి చూద్దామంది. ముగ్గురం తలో సంచి భుజాన వేసుకుని దిగాం. దిగడం తేలిగ్గానే అయింది. తిరిగి కూడా మెట్ల మీదే ఎక్కుతున్నప్పుడు నాలుగో అంతస్తు దగ్గర మా ఆయన రెయిలింగ్ పట్టుకుని ఆగిపోయారు. పెదాలు పాలిపోయాయి. మీరు వెళ్ళండి, వస్తానన్నారు. మేం వెళ్ళలేదు. ఆయన సంచి నేను తీసుకుని మెట్టు మీద కూర్చోబెట్టాను. అమ్మాయి సీసా మూత తీసి నీళ్ళు అందించింది. పైనుంచి దిగుతున్న పొరుగావిడ లిఫ్ట్ పాడైందా అని అడిగింది. లేదని చెప్పాను. ఆయన ఊపిరి కుదుటపడే దాకా అక్కడే కూర్చున్నాం.