పదిహేడో నంబరు మనిషి

ఆ కాలపు బెంగళూరు మారతహళ్ళికి ఇప్పుడున్నంత ఎత్తు లేదు. తర్వాత వచ్చిన ఎత్తులో కొంత ఇటికల గంపలై నా నెత్తి మీదుగా పోయిందే (గొప్పకు చెప్పడం లేదు, నడినెత్తిన జుట్టు ఎందుకు పలచబడిందని అడిగేవాళ్ళకు జవాబు చెబుతున్నాను). నాకప్పుడు ఇరవై రెండేళ్ళు ఉంటాయి. ఉంటాయి అనడమే, పుట్టినరోజు రాసిపెట్టేంత చదువు మా ఇంట్లో ఎవరికీ లేదు. అనంతపురం పక్క నుంచి వచ్చిన మేము నలుగురు ఆడవాళ్ళం ఒక జట్టు. పొద్దున్నే రోడ్డు మలుపులో కూలీల అడ్డాలో గంపలు పట్టుకుని నిలబడేవాళ్ళం. మా జట్టుకు పెద్ద, మేమంతా పెద్దక్క అని పిలిచే ఆవిడ. ఆమె పెట్టిన రూలు ఒక్కటే: ఏ బండి వచ్చినా ఒంటరిగా ఎక్కకూడదు. ఇద్దరికన్నా తక్కువైతే పని వద్దు, అంతే.

అడ్డాలో ఇంకో పద్ధతి కూడా ఉండేది. బండి ఆగిందంటే ముందు ఎక్కాలి, తర్వాత మాట్లాడాలి. ఆలస్యం చేస్తే పక్క జట్టు ఎక్కేస్తుంది. అందుకే ఒకరోజు కళ్ళద్దాల సారొకాయన స్కూటరుకు స్టాండు వేసేలోపే వెనక సీటు మీద పెద్దక్క కూర్చుంది, ముందర కాళ్ళ దగ్గర నేను గంపతో సహా దూరాను. ఆయన బెదిరిపోయి హెల్మెట్ తీయడం కూడా మరిచాడు.

“ఏం పనప్పా? ఇటికలా, ఇసుకా?” అనింది పెద్దక్క.

“పని కాదమ్మా, ప్రశ్నలు. నేను ఎకనామిక్స్ లెక్చరర్ని.”

“ప్రశ్నలు మోసేదానికి గంప కావల్నా, వద్దా?”

అట్లా వచ్చిన మనిషి రెండేళ్ళు వస్తూనే ఉన్నాడు. ప్రశ్నల సారు అని పేరు పెట్టుకున్నాం. ఆయన మాత్రం మా పేర్లు రాసుకోలేదు. పేర్లు రాయకూడదట, అది వాళ్ళ పద్ధతట. మనిషికొక నంబరు ఇచ్చాడు. నాకు వచ్చింది పదిహేడు. చేతిలో గళ్ళు గీసిన కాగితం, ప్రతి జవాబుకూ ఒక గడిలో టిక్కు.

“నీ ఒక్కదానికే పని, కూలి రెండింతలు ఇస్తామంటే వెళ్తావా?”

“పోను.”

“మూడింతలు?”

“పోను సార్.”

“నాలుగింతలు?”

“ఏం సార్, నన్ను పంపిస్తే గానీ నీకు నిద్ర పట్టదా?”

ఆయన నవ్వి టిక్కు పెట్టుకున్నాడు. ఆ టిక్కు ఎక్కడికి పోతుందో అప్పుడు నాకు తెలియదు.

ఒకరోజు చొక్కా ఇస్త్రీ చేసుకుని వచ్చాడు. “రేపు పెద్ద ప్రొఫెసర్ల ముందు నా పరిశోధన చదవాలి. వాళ్ళు సరేనంటేనే నా ఉద్యోగం పర్మనెంటు అవుతుంది. మీరు కూడా రండి, ఊరికే కూర్చుంటే చాలు” అన్నాడు. ఆ రోజు కూలి కూడా ఇస్తానన్నాడు. కూర్చుంటే కూలి వచ్చే పనులు లోకంలో ఉన్నాయని నాకు తెలిసింది అప్పుడే. నేనూ పెద్దక్కా పెట్టెలో పెట్టిన చీరలు తీసి కట్టుకుని పోయాం.

సభలో అంతా ఇంగ్లీషు. సారు గోడ మీద గీతలు చూపిస్తూ మాట్లాడుతున్నాడు, అందరూ తలలు ఊపుతున్నారు, నేను కూడా ఊపాను. టీ కప్పులు అందిస్తున్న కన్నడ అమ్మ మా వెనక నిలబడింది. ఏళ్ళ తరబడి అక్కడే టీ ఇస్తూ వింటూ వాళ్ళ చదువంతా చెవులతోనే పట్టేసిన మనిషి. వంగి నా చెవిలో కన్నడంలో చెప్పింది: “మీ ఆడవాళ్ళకు లాభమేదో నష్టమేదో తెలీదంటున్నాడు. పదిహేడో నంబరు ఒకామె ఉందంట, నాలుగింతల కూలి ఇస్తామన్నా వద్దనిందంట.”

అందరితో పాటు ఊపుతున్న నా తల ఆగిపోయింది. నేను లేచాను. పెద్దక్క కొంగు పట్టి లాగింది. “కూచోవే, పాపం సారు ఉద్యోగం పోతాది!”

“పోతే పోనీక్కా. బుక్కులో నేను తెలివి లేనిదాన్నయి పోతాండా.”

నాకొచ్చిన కన్నడం, నాకున్న తెలుగు కలిపి అడిగేశాను. “సార్, నేనే పదిహేడు. నీకు నాలుగింతల జీతం ఇస్తా. రేపు పొద్దున ముక్కూ మొహం తెలీని లారీ ఎక్కి రా. యాడికో చెప్పను, ఎప్పుడు దింపుతానో చెప్పను, తోడు ఎవురూ ఉండరు. ఎక్కుతావా?”

సారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

“ఎక్కవు గదా. ఇంకోటి విను. ఈ పొద్దు నాలుగింతలకు ఆశపడి జట్టు వదిలేసి పోతే, రేపు నాకు జరమొచ్చినప్పుడు గంజి కాచి పోసేదెవురు? మేస్త్రీ చెయ్యి పట్టుకుంటే పార ఎత్తేదెవురు? ఈ లెక్క మేము పొద్దున్నే నిలబడి ఒక్క నిమిషంలో ఏస్తాం. నీకు రెండేండ్లు పట్టింది, అదీ తప్పు!”

టీ అమ్మ ట్రే మీద దరువేసింది. అందరికన్నా ముందు కూర్చున్న నెరిసిన జుట్టు ప్రొఫెసరమ్మ పగలబడి నవ్వి, సారును కన్నడంలోనే అడిగింది, ఎందుకు వెళ్ళవని ఈమెను ఎప్పుడైనా అడిగావా అని. సారు చేతిలోని కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, “దానికి ఇందులో గడి లేదు మేడం” అన్నాడు.

ఆ రోజు ఆయన ఉద్యోగం పర్మనెంటు కాలేదు. తిరిగొచ్చే దారిలో పెద్దక్క నాకన్నా పది అడుగులు ముందే నడిచింది. (సారు ఉద్యోగం పోయిందని నాకూ బాధగానే ఉంది. కానీ తప్పయిందని మాత్రం అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను.) వారం తిరగకముందే స్కూటరు మళ్ళీ వచ్చింది. అలవాటు కొద్దీ ఎక్కి కూర్చున్నాం. సారు కొత్త కాగితం తీశాడు. గళ్ళు లేవు, అంతా తెల్లగా ఉంది. “ఎందుకు?” అని అడిగాడు. మా మాటలన్నీ రాసుకోవడానికి ఆయనకు ఇంకో ఏడాది పట్టింది. తర్వాత ఉద్యోగం నిలబడింది, ప్రొఫెసరయ్యాడు, పుస్తకమూ అచ్చయింది.

నలభై దగ్గర పడ్డాక కుందలహళ్ళిలో నేను వంట చేసే అపార్టుమెంటులో ఒక టీచరమ్మ ఆదివారాలు మాకు తెలుగు అక్షరాలు నేర్పింది. ఒత్తులు కూడా వచ్చాయనుకున్న రోజున కళ్ళద్దాలు పెట్టుకుని, బెళ్ళందూరులో సారు ఇల్లు వెతుక్కుంటూ పోయి, నా గురించి ఏం రాశావో నేనే చదువుకుంటానని దర్జాగా కూర్చున్నాను. సారు పుస్తకం తెచ్చి చేతిలో పెట్టాడు.

మొత్తం ఇంగ్లీషు.

ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. తర్వాత ఆయన ఒక పేజీ తీసి చూపించాడు. అందులో నేను చదవగలిగింది ఒక్కటే, 17. సారు జేబులోని పెన్ను తీసుకుని, ఆ అంకె పక్కన తెలుగులో నా పేరు రాశాను.

“అయ్యో, పుస్తకం మీద రాయకూడదమ్మా!”

“నువ్వు నా మీద ఇంత పుస్తకం రాస్తివే, నేను నీ పుస్తకం మీద ఒక పేరు రాసుకోకూడదా?”

ఆయన పెన్ను వెనక్కి అడగలేదు. ఇది కూడా దాంతోనే రాస్తున్నాను. ఇప్పుడు అక్షరాలు కాస్త నిటారుగా నిలబడుతున్నాయి. ఆ రోజు సభలో ఆ ఇరవై నాలుగేళ్ళ పిల్ల నిలబడినంత నిటారుగా మాత్రం ఇంకా రాలేదు.