గడప దాటిన కామందు

పంతొమ్మిది వందల ముప్పైల నాటి మాట. ఏలూరులో ట్రైనింగు పూర్తి కాగానే నన్ను కొల్లేటి లంకలో ఒక చిన్న బడికి పంపారు. మాది తాడేపల్లిగూడెం దగ్గర పల్లె. నాన్న బియ్యం మిల్లులో బస్తాలు మోసేవాడు. ఊరి బయట మా పేటలో ఉద్యోగం చేసిన మొదటి ఆడపిల్లను నేనే. ఏలూరు కాలవ దగ్గర పడవ ఎక్కిస్తూ నాన్న "జాగ్రత్తమ్మా" అన్నాడు. దేని గురించి జాగ్రత్తో ఆయనకీ తెలీదు.

లంకలో అప్పటికే ఒక పెద్ద పంతులమ్మగారు ఉండేవారు. భర్త పోయిన మనిషి, పిల్లలు లేరు. బడంటే కిక్కిసగడ్డి కప్పిన పాక. దాని వెనక గదిలో ఇద్దరం ఉండేవాళ్లం. బడి ఉన్న ఆ దిబ్బ ఊరి కామందుది. ఆయన పొమ్మంటే బడి లేదు.

కామందు ఎప్పుడొచ్చినా వాకిట్లో దూరంగా నిలబడేవాడు. మా గాలి సోకితే ఇంటికెళ్లి తలస్నానం చెయ్యాలి ఆయనకి. పిల్లల పలకలు చూపించాలంటే నేల మీద పెట్టి వెనక్కి జరగాలి. నాకు ఒళ్లు మండేది. పెద్దావిడ మాత్రం, "ఆయన అక్కడున్నంతకాలం మనకి భయం లేదమ్మాయ్. దగ్గరికొస్తే మాత్రం కనిపెట్టుకునుండు," అన్నారు.

వానలు వెనకబట్టాక ఆయన దగ్గరికి రావడం మొదలెట్టాడు. ఒకసారి అరుగు దాకా వచ్చాడు. మరోసారి చూరు కింద నిలబడి, "సాయంత్రాలు ఒక్కదానివే ఉంటావా?" అన్నాడు. పెద్దావిడకి చెప్పాను. ఆవిడ కొట్టిపారెయ్యలేదు. "గుమ్మం వైపే కూర్చో. మూలకి వెళ్లకు. చేతిలో ఏదో ఒకటి ఉండనీ. మీదకొస్తే మర్యాదలు చూడకు, గట్టిగా కేకెయ్యి. నీళ్ల మీద గొంతు చాలా దూరం పోతుంది," అన్నారు.

ఒక సాయంత్రం పిల్లలు వెళ్లిపోయారు. గొడుగు తీసుకుని రేవుకి బయల్దేరబోతుంటే గుమ్మంలో వెలుగు తగ్గింది. కామందు గడప దాటి లోపలికొచ్చాడు.

"అక్కడే ఉండండి," అన్నాను.

"ఎవరితో మాట్లాడుతున్నావే?"

"తెలుసండి. అక్కడే ఉండండి."

నా చెయ్యి పట్టుకున్నాడు. రెండో చేత్తో గొడుగు మొన ఆయన గుండెల మీద పొడిచాను. పట్టు సడలింది. బయటికి దూకి గొంతు చించుకుని అరిచాను. రేవులో బట్టలు ఉతుకుతున్న పెద్దావిడ తలెత్తారు. పాకలోంచి ఆయన బయటికి రావడం ఆవిడ కళ్లారా చూశారు.

తప్పించుకున్నాను. దాంతో అయిపోయిందనుకున్నాను.

ఆ వారమే సంగతి తెలిసి ఏలూరు నుంచి మా బడులన్నీ చూసే మేనేజరు గారు వచ్చారు. వాకిట్లో పంచాయితీ పెట్టారు. కామందు ఎప్పటిలాగే దూరంగా నిలబడ్డాడు.

"ఏవండీ, మీరే చెప్పండి. వీళ్ల నీడ పడితేనే స్నానం చేసేవాణ్ణి. వీళ్ల పాకలోకి వెళ్తానా? ఈ పిల్లని ముట్టుకుంటానా?"

ఊరంతా తలలూపింది. పిల్లల్ని మా బడికి పంపే మావాళ్లు కూడా. నా మణికట్టు మీద కమిలిన మచ్చ చూపించాను. పడవ ఎక్కేటప్పుడు తగిలుంటుందన్నారెవరో. మేనేజరు గారు పెద్దావిడ వైపు తిరిగి, "మీరేమైనా చూశారా అమ్మా?" అని అడిగారు.

ఆవిడ నా వైపు చూడలేదు. "నేను రేవులో ఉన్నానండి. నాకేం తెలీదండి."

నా ఉద్యోగం పోయింది. పెట్టె సర్దుకుంటుంటే ఆవిడ వచ్చి, "నాకు వెళ్లడానికి చోటు లేదే తల్లీ," అన్నారు. అది నిజమే మరి.

ఇంట్లో నాన్న నన్నేమీ అనలేదు. మా పేటలో మాత్రం బడికెళ్లే ఆడపిల్లల్ని ఒక్కొక్కరే మానిపించేశారు. చదివిస్తే ఇదిగో ఇలా తిరిగొస్తారని.

లంకకి మరో అమ్మాయిని వేశారని తెలిసి, చెబుదామని ఏలూరు వెళ్లాను. కాలవ దగ్గర పడవలో కూర్చునుంది. నాకంటే చిన్నది.

"మీతో మాట్లాడొద్దన్నారండి," అంది.

"ఒక్క మాట విను. ఆ కామందు దగ్గరికొచ్చాడంటే..."

"ఆయన మన నీడ కూడా తొక్కరటండి," అంది. పూర్తిగా నమ్మి అంది.

పడవవాడు గెడ వేసి పడవ నెట్టాడు.

ఆ తర్వాత నేను పెంటపాడు చేలల్లో నాట్లకి వెళ్లేదాన్ని. ఆ పిల్ల ఏమైందో ఎవరూ చెప్పలేదు. వాకబు చెయ్యడానికి నాకూ ధైర్యం చాల్లేదు.