శరత్ రికార్డింగ్ నా దగ్గరే ఉంది

ఆరేళ్లుగా ఒక అబద్ధం మోస్తున్నాను. ఎవరి కొంపా ముంచలేదు. అయినా ఫోన్‌లో నా స్నేహితుడు శరత్ పేరు కనబడితే చాలు, వెంటనే ఎత్తలేను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పుడు నేను ఢిల్లీ మునిర్కాలో గది తీసుకుని పీహెచ్‌డీ చేస్తున్నాను. శరత్ ఓల్డ్ రాజిందర్ నగర్‌లో సివిల్స్‌కి చదివేవాడు. ఇద్దరికీ ఒకటే పిచ్చి. అక్కడ ఒక బ్యాండ్ ఉండేది. వాళ్లు ఏ పాటనీ రెండుసార్లు ఒకేలా వాయించరు. ఐదు నిమిషాల పాట ఒక్కోరోజు అరగంట సాగుతుంది. అందుకే ఆ బ్యాండ్ వెంట తిరిగే మా గుంపులో ఇద్దరు ముగ్గురం ప్రతి కచేరీనీ రికార్డ్ చేసేవాళ్లం. ఆదివారం మధ్యాహ్నం అందరం నా గదిలో చేరి, ఏది ఎవరిదో చెప్పకుండా ఒక్కొక్కటే వినేవాళ్లం. కళ్లు మూసుకుని, నచ్చినదానికి చెయ్యెత్తాలి.

ప్రతిసారీ గెలిచేది శరత్‌దే. వాడి రికార్డర్ నాదానికన్నా పాతది. మరెలా? ఎక్కడ నిలబడాలో వాడికి తెలుసు. తల అటూ ఇటూ తిప్పి, కాసేపు విని, ఒకచోట ఆగిపోయేవాడు. నేను వాడి పక్కనే నిలబడి చూశాను. నాకు రాలేదు. అన్నిటికన్నా కడుపుమంట ఏమిటో చెప్పనా? కళ్లు మూసుకుంటే నా చెయ్యి కూడా వాడిదానికే లేచేది.

ఒక జనవరి మధ్యాహ్నం గుర్‌గావ్‌లో కచేరీ. ఆ రోజు డ్రమ్మర్‌కి పూనకం వచ్చిందనుకోండి. శరత్‌కి పరీక్ష హడావుడి. కాపీలు తీయమని మెమరీ కార్డు నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. గదికొచ్చి రెండూ విన్నాను. నాదాంట్లో జనం గోల. వాడిదాంట్లో డ్రమ్మర్ ఊపిరి కూడా వినిపిస్తోంది. ఒళ్లు భగ్గుమంది. ఫైల్ నా లాప్‌టాప్‌లో దాచుకుని, కార్డులోది చెరిపేశాను. అసలు లేకుండా చేసేయొచ్చుగా, ఎందుకు దాచుకున్నాను? అంత బాగుంది మరి, ఏం చెయ్యను!

ఆదివారం శరత్ రాగానే చెప్పాను.

"ఒరేయ్, నీ కార్డులో ఏమీ లేదురా. ఎన్నిసార్లు చూసినా ఖాళీనే."

"అచ్ఛా? బటన్ సరిగ్గా నొక్కలేదేమోరా... నొక్కాననే గుర్తు. సర్లే, నీది ఉందిగా మావా, అదన్నా దక్కింది. వెయ్యి, విందాం."

వాడి మొహంలో అనుమానం లేదు. నామీద కొండంత నమ్మకం. పోటీకి మరోటి లేదు కాబట్టి అందరూ నాదానికే చెయ్యెత్తారు, శరత్‌తో సహా. నేను సిగ్గు లేకుండా నవ్వాను.

తర్వాత నెలలోనే డ్రమ్మర్ బ్యాండ్ వదిలేశాడు. అలాంటి వాయింపు మళ్లీ వినలేదు. శరత్ తన రికార్డర్ ఎవరికో ఇచ్చేశాడు, ఇక రికార్డ్ చెయ్యలేదు. ఇప్పుడు ఉద్యోగం చేస్తూ వసంత్ కుంజ్‌లో ఉంటున్నాడు. వచ్చినప్పుడల్లా నాది అడిగి వింటాడు. "ఇక్కడ డ్రమ్స్ ఆ రోజు ఇంకా దగ్గరగా విన్నట్టు గుర్తు, నా చెవులే మోసం చేశాయేమోరా" అంటాడు. అప్పుడు నేను టీ పెట్టే నెపంతో లేచిపోతాను.

ఎందుకివ్వను? తిడతాడనా? తిడితే పడతాను, కొట్టినా పడతాను. కానీ ఇచ్చిన మరుక్షణం నాదాన్ని ఎవడూ ముట్టుకోడు, ఆ మధ్యాహ్నం మళ్లీ వాడిదైపోతుంది, ఆ ఆలోచన ఇన్నేళ్ల తర్వాత కూడా నాకు మింగుడు పడదు. ఛీ, ఏం మనిషినని మీరనుకోవచ్చు. నేనూ అనుకుంటాను. అనుకుని, తలుపేసుకుని, వాడి రికార్డింగే వింటాను.

రేపు ఇచ్చేస్తానని మాటివ్వలేను. ఇవాళ్టికి ఇంతే చేతనయింది. శరత్ చెవులు వాణ్ణి మోసం చెయ్యలేదు. చేసింది నేను. ఈ రెండు ముక్కలు రాయడానికి పొద్దుటినుంచి కూర్చున్నాను. రాశాక కాస్త ఊపిరాడుతోంది.