ఓబయ్య రెండు భుజాలు

దేవుణ్ణి మోసేవాడి నడుం దేవుడే చూసుకుంటాడని మావాళ్ళ నమ్మకం. అది ఉత్తమాట. ఓబయ్య నడుం చూసుకున్నది అతని పెళ్ళాం భారతమ్మ, ఆమె ఆముదం గిన్నె, ఆ తర్వాత ఇద్దరు గురువులు.

ఆళ్ళగడ్డకు నడిచిపోయేంత దూరంలో ఉంటుంది మా పల్లె. ఏటా చలికాలంలో అహోబిలం స్వామి పారువేట ఉత్సవానికి పల్లకిలో బయలుదేరి ఊరూరూ తిరుగుతాడు. మా ఊరి నుంచి వాగు అవతలి పొలిమేర దాకా పల్లకి మోసే హక్కు నాలుగిళ్ళది. ముందు దండెకు, అంటే మోతకర్రకు, ఇద్దరు బోయీలు. కుడిభుజం ఇచ్చేది ఓబయ్య, ఎడమభుజం ఇచ్చేది సుబ్బరాయుడు. తాతలనాటి తావులు, మారవు. ఒకవైపే మోసీ మోసీ ఓబయ్య భుజం మీద కాయ కాచింది, మనిషే ఒక పక్కకు ఒరిగాడు. పంతొమ్మిది వందల యాభై ఆరులో పొలిమేర చేరకముందే నడుం పట్టేసి, వేరేవాళ్ళు అందుకోవలసి వచ్చింది. పెద్దలు మొహమాటం లేకుండా చెప్పేశారు.

"వచ్చే ఏడు గూడా ఇట్లే అయితే నీ తావు సుబ్బరాయుని తమ్మునికి పోతాది ఓబయ్యా."

ఓబయ్యకు పిల్లల్లేరు. తాత పేరు చెప్పుకోవడానికి ఆ తావు తప్ప ఇంకేమీ లేదు. ఆ రోజు అతను అన్నం ముట్టలేదు.

బండి తోలడం అతని బతుకుతెరువు. నంద్యాలకు పత్తి తోలినప్పుడు, సరుకు దించేదాకా ఒక బడి మైదానం పక్కన ఎద్దుల్ని విప్పేవాడు. అక్కడ డ్రిల్లు అయివారు యాకోబు పిల్లల చేత ఆసనాలు వేయించేవాడు. చకచకా వంగాలి, లేవాలి. కుడివైపు చేసినదల్లా ఎడమవైపూ చేయాలి. ఓబయ్య వెళ్ళి తన నడుం గోడు చెప్పుకున్నాడు.

"నేర్చుకో అప్పా. అయితే ఇంకొకరి పద్ధతి దీంట్లో కలపగూడదు," అన్నాడు యాకోబు.

ఆళ్ళగడ్డలో యోగం నేర్పే స్వామి ఒకాయన ఉండేవాడు. ఆయనది మరో దారి. కదలకుండా కూర్చుని, ఊపిరి పీల్చి లోపల నిలిపి, మెల్లగా వదలాలి. "గంతులేసే పద్ధతుల జోలికి పోవద్దు. రెండు పడవల మీద కాళ్ళు పెట్టొద్దు," అని ఆయనా హెచ్చరించాడు. ఓబయ్య ఇద్దరికీ దండం పెట్టి, ఒకరి సంగతి ఒకరికి చెప్పకుండా రెండూ నేర్చుకున్నాడు. అబద్ధమాడలేదు లెండి, నోరు మూసుకున్నాడంతే.

బోయీలకు ఒక అలవాటు. పల్లకి ఎత్తేటప్పుడు ఊపిరి బిగబడతారు. దాంతో ఓబయ్యకు బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. స్వామి చెప్పినట్టు ఊపిరి నిలిపి, యాకోబు చెప్పినట్టు వంగి లేస్తే రెట్టింపు బలం రాదా? ఒక తెల్లవారుజామున గొడ్లపాకలో మొదలుపెట్టి, కళ్ళు బైర్లు కమ్మి ఎద్దుల ముందు మేత మీద పడ్డాడు. భారతమ్మ నీళ్ళు చల్లింది. అతనికి తెలివి రాగానే తిట్లు అందుకుంది.

"ఏందయ్యా ఇది? ఊపిరి బిగబట్టుకోని ఎగురుతాండావా?"

"ఎత్తేటప్పుడు బిగబడతాం గదా."

"ఎత్తేటప్పుడు సరే. ఎత్తినాక గూడా బిగబట్టుకోనే నడుస్తాండారా? హుం, హుం అని అరిచేది ఎవురు మల్ల?"

ఓబయ్య ఆ పేడకంపులోనే కూర్చుని నవ్వాడు. నిజమే కదా. పల్లకి కింద అడుగుకో హుంకారం పడుతుంది, అడుగూ ఊపిరీ జతగా పోతాయి. ఆ రోజు నుంచి యాకోబు ఆసనాలను బోయీ నడకలోకి దించాడు. వంగుతూ హుం అని వదలడం, లేస్తూ గాలి పీల్చడం. చెమట పట్టాక, అది ఆరేదాకా స్వామి చెప్పినట్టు కదలకుండా కూర్చునేవాడు. ఊపిరి నిలపడం అప్పుడే. గురువులిద్దరూ చూసి ఉంటే, ఇది మాది కాదనేవాళ్ళే. మొదట్లో ఎడమవైపు కొయ్యలా బిగుసుకుని ఉండేది. మళ్ళీ చలి మొదలయ్యేసరికి నీళ్ళకావడి ఎడమభుజం మీద మోసుకొచ్చాడు. భారతమ్మ చూసి, ఇంకో కావడి తెమ్మంది. ఆమె నోట అదే మెప్పు.

యాభై ఏడు పారువేటలో ఊరు దాటేదాకా బాగానే నడిచాడు. వాగులో దిగి ఒడ్డెక్కుతుండగా కుడివైపు మళ్ళీ పట్టేసింది. దారి మధ్యలో పల్లకి దించకూడదు. వెనక నడుస్తున్న మేమంతా నిలబడిపోయాం. సుబ్బరాయుడికి అంతకుముందే తెలిసిపోయింది, జతగాడి అడుగు తడబడితే బోయీకి తెలియకుండా ఉండదు. అతను ఊరకుంటే చాలు, ఆ తావు వాళ్ళింటికి వచ్చేది.

"ఎడమభుజం ఇయ్యగలవా మామా?" అన్నాడు.

"ఇస్తా. నీకు కుడి అలవాటు లేదే?"

"అది నేను జూసుకుంటా. రా."

ముందువైపు బరువంతా ఒక్క క్షణం సుబ్బరాయుడి మీద పడింది. ఓబయ్య దండె కింద నుంచి అవతలికి దూరి ఎడమభుజం ఇచ్చాడు. తర్వాత ఓబయ్య మోస్తుంటే సుబ్బరాయుడు ఇవతలికి దూరి కుడిభుజం ఇచ్చాడు. హుం, హుం అంటూ పొలిమేర చేరారు.

తావులు మార్చుకోమని ఎవరు చెప్పారని పెద్దలు మండిపడ్డారు. సుబ్బరాయుడు చెమట తుడుచుకుంటూ, "దేవుడు కింద పడలేదు గదా. మామ యా భుజమిస్తే అదే ఆయప్ప తావు," అన్నాడు. తావు కోసం కాచుకున్న తమ్ముడు పక్కనే ఉండగా అన్నాడా మాట. నాకు ఏడుపొచ్చింది, చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

మర్నాడు పొద్దున సుబ్బరాయుడు కుడిభుజం రుద్దుకుంటూ గొడ్లపాక దగ్గరకు వచ్చాడు.

"వాచిపోయింది మామా. ఆ కుడీ ఎడమా సంగతేందో నాకూ నేర్పు."

ఓబయ్య తాను ఆసనాలు వేసే గోనెపట్టను పక్కకు జరిపాడు. భారతమ్మ ఇంకో గోనెపట్ట తెచ్చి దాని పక్కన పరిచింది.

"ఊపిరి మాత్రం బిగబట్టొద్దు అల్లుడా. ఇద్దరినీ లేపేది నాతో కాదు," అంది.