గాజుల అవ్వ తెచ్చిన కబురు

నాంపల్లి స్టేషను దగ్గరి కొత్త లాడ్జిలో దిండు గలీబులు కుట్టేవాళ్లు కావాలన్న కబురు నాకు మొదట తెచ్చింది గాజులమ్మే అవ్వ. పోలీసు చర్య సద్దుమణిగిన రోజులవి. నా భర్త పోయి ఏడాది దాటింది. గాజులు తొడగని ఇంట్లో ఆమెకు బేరం లేదు. అయినా ఆబిడ్స్ వీధులన్నీ తిరిగి, మా గడపలో గంప దించి, మంచినీళ్లు తాగి పోయేది. రోజు మొత్తంలో నా గొంతు నాకు వినబడేది ఆ కాసేపే. ఆమెను పంపిన దేవుడికి ఇప్పటికీ దండం పెడతాను.

ఆ పని దొరక్కపోతే గది ఖాళీ చేసి మా బావగారి పంచన చేరాలి. నా భర్త తన చేతులతో కట్టిన దేవుడి గూడు ఈ గది గోడలోనే ఉంది. దాన్ని ఎవరికి వదిలిపోను?

నాకు ఇంట్లోనే చదువు చెప్పిన నాయన ఉత్తరాలకు నమూనాగా చూపినవన్నీ సర్కారుకు పెట్టే అర్జీలే. ముందు పెద్దల దయను పొగడాలి, తర్వాత మన కష్టం చెప్పుకోవాలి. లాడ్జికీ అలాగే రాసి అవ్వ చేతికిచ్చాను. నా ఒంటరితనమే కాగితమంతా నిండింది. కుట్టు సంగతి ఎక్కడో చివర పడింది.

మర్నాడు అవ్వ గంపలో గాజుల పక్కన బియ్యం మూట ఉంది.

"ఏందవ్వా ఇది?"

"లాడ్జి మేనేజరు ఇచ్చిండు బిడ్డా. వాళ్ల సేటు శుక్రవారం శుక్రవారం పేదోళ్లకు ఖైరాత్ చేస్తడట. నీ కాయితం సదివి కండ్లల్ల నీళ్లు తీసుకున్నడు పాపం."

"మరి పని?"

"పనడిగినవా, ఏడ్చినవా?" అవ్వ పకపకా నవ్వింది. "గిట్ల నేను గాజులమ్మితే అందరు గింజలు పెట్టి పంపుతరు. గాజులు తొడుగుమని ఒక్కతన్న చెయ్యి చాపుతదా?"

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

మూట తిరిగి ఇవ్వడానికి లాడ్జికి నేనే వెళ్లాను. వెనక వసారాలో కూర్చోమన్నారు. తీగ మీద గలీబులు ఆరుతున్నాయి. చాకిరేవు బండ దెబ్బలకు గుండీలు పగిలి, మూతులు తెరుచుకుని ఉన్నాయి.

మేనేజరు వచ్చి, "బియ్యం తక్కువైనయా అమ్మా?" అన్నాడు.

"ఎక్కువైనయి అయ్యా. ఇంకెవరికన్న ఇయ్యిన్రి. నేను ఇంకో కాయితం పంపుత."

ఈసారి నా గురించి ఒక్క ముక్క రాయలేదు. "మీ గలీబుల గుండీలు ఉతుకులో పగులుతున్నాయి. రాత్రి దిండు బయటికి జారుతుంది. గుండీలు లేకుండా, మూతి లోపలికి మడిచి కుడతాను. ఒక జత పంపుతున్నాను, మీ చాకలికి వేసి చూడండి. నిలిస్తే మిగిలినవి చెప్పండి" అని మాత్రం రాశాను. ఆ జతను నా భర్త ఒక్కసారీ కట్టని ధోవతి చింపి కుట్టాను. ఆ మాట రాయలేదు.

కొన్నాళ్లకు లాడ్జి మనిషి ఒక తాను గుడ్డ తెచ్చి దించాడు. "జత నిలిచింది, అన్ని గదులకూ కుట్టమన్నరు" అన్నాడు. గూట్లో దీపం పెట్టి, చెంబు నిండా నీళ్లు గడపలో ఉంచి కూర్చున్నాను. చెప్పుకోవడానికి ఇంకెవరున్నారు?

అవ్వ రాలేదు. ఆ వారమూ రాలేదు. జ్వరంతో దవాఖానలో పోయిందని, ఆ దారినే వచ్చే ఇంకో గాజులామె చెప్పింది.

తర్వాత చాలా చోట్లకు అలాంటి కాగితాలు రాశాను. గది నిలిచింది, గూడు నిలిచింది. చదివేవారిని ఒక్కటి అడుగుతాను. బేరం లేని ఇంట్లోనూ గంప దించిన ఆ ముసలామెను దండం పెట్టుకునేటప్పుడు ఒకసారి తలుచుకోండి. ఆమె పేరు నాకు తెలియదు. గాజుల అవ్వ అంటే దేవుడికి తెలుస్తుంది.