గంట నాలుకకు చుట్టిన గుడ్డ

అంబులెన్సుల నిబంధనలు సవరించబోతున్నామని, అభ్యంతరాలుంటే తెలపమని పురపాలక సంఘం వారి ప్రకటన ఒకటి మొన్న మా వీధి గోడకు అంటించారు. నిలబడి చివరిదాకా చదివాను. బండిలో ఏ పరికరాలుండాలో, ఎంత కిరాయి తీసుకోవాలో వివరంగా ఉంది. గంట ప్రస్తావన లేదు. ఉండదని తెలిసీ వెతికాను.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి వేసవిలో ప్రొద్దుటూరు మొత్తానికి ఒకే అంబులెన్సు ఉండేది. బట్టల వర్తకులు చందాలు వేసుకుని కొన్న పాత వ్యాను. రోగిని ఆసుపత్రికి తీసుకువెళ్లేదీ, ప్రాణం పోయినవారిని సొంత ఊరికి చేర్చేదీ అదే. డ్రైవరు పక్కన కమ్మీకి ఇత్తడి గంట వేలాడేది. తాడు లాగితే మోగేది. రెండు ప్రయాణాలకూ ఒకే గంట కావడంతో, దారి ఇవ్వాలో దండం పెట్టాలో జనానికి తెలిసేది కాదు. నిబంధనలు సవరించే పని కౌన్సిలరైన మా చిన్నమామ మీద పడింది. శవం ఉన్నప్పుడు గంట నాలుకకు గుడ్డ చుట్టాలని ఆయన రాశాడు. ఆ గుడ్డ తెల్లదా నల్లదా అన్నదానిమీదే సభ్యులు ఒక సాయంత్రమంతా వాదించుకున్నారట. జనం మాత్రం ఇట్టే అలవాటుపడ్డారు. బండి చప్పుడు లేకుండా వస్తే అంగళ్లవాళ్లు తలపాగాలు తీసి లేచి నిలబడేవారు. అది దాటిపోగానే ఆడవాళ్లు గడప ముందు చెంబెడు నీళ్లు చల్లేవారు.

ఆ వేసవిలోనే ఆయన భార్యకు, మా అత్తకు, కాన్పు కష్టమైంది. మంత్రసాని చేతులెత్తేసి జమ్మలమడుగు పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మంది. పులివెందులలో ఒక శవాన్ని దించి అప్పుడే తిరిగివచ్చిన బండిని డ్రైవరు సాయిబు నేరుగా మా ఇంటి ముందుకు తెచ్చాడు. మామ ముందు కూర్చున్నాడు. నేను వెనక అత్త తలను ఒడిలో పెట్టుకున్నాను. మిట్టమధ్యాహ్నం; నీడలు గోడల కిందికి ముడుచుకుపోయాయి. సాయిబు తాడు లాగుతూనే ఉన్నాడు. ఇంజను హోరులో గంట మోగడం లేదని ముందున్న ఇద్దరికీ తెలియలేదు; వాళ్ల చూపు దారి మీదే ఉంది.

కిటికీలోంచి మొదట చూసింది అత్తే. వీధి పొడుగునా మనుషులు ఒకరి తర్వాత ఒకరు లేచి, తలపాగాలు తీసి, తలలు వంచి నిలబడుతున్నారు. వెనక గడపల ముందు నీళ్లు పడుతున్నాయి. అత్త మూలుగు ఆగిపోయింది.

“ఎవురికి మొక్కుతాండారు పాపా?” అంది.

నీకు కాదత్తా అన్నాను.

“ఈ బండ్లో నేను గాక ఇంగెవురుండారు?”

ఆపైన ఆమె నా వైపు చూడలేదు. కళ్లు మూసుకుని, రెండు చేతులూ తానే రొమ్ముమీద పెట్టుకుంది. నొప్పులు వస్తున్నా నోరు తెరవలేదు. నేను డ్రైవరుకూ మాకూ మధ్యనున్న రేకు అడ్డును బాదుతూనే ఉన్నాను. ఊరు దాటాకగాని బండి ఆగలేదు.

సాయిబు దిగి గంట వైపు చూసి తల పట్టుకున్నాడు. “గుడ్డ ఇప్పేది మర్సిపోతినప్పా,” అన్నాడు. మామ గుడ్డ ముడిని పళ్లతో లాగి విప్పాడు. అక్కడినుంచి జమ్మలమడుగు దాకా, ఖాళీ పొలాల మధ్య, వినేవారెవరూ లేని దారిలో, తాడు తానే పట్టుకుని ఆపకుండా మోగించాడు. అత్త కళ్లు తెరవలేదు. ఆసుపత్రిలో బిడ్డ ఏడ్చినప్పుడు తెరిచింది.

ఇద్దరూ బతికారు. ఇంటికి వచ్చాక ఆమె మామతో అన్న మాట ఒక్కటే: “గంట రోడ్డుమీదోళ్లకు గాదయ్యా, లోపలుండేవాళ్లకు కొట్టల్ల.” తర్వాతి సమావేశంలో ఆయన తన నిబంధనను తానే కొట్టివేయించి, శవాలకు వేరే బండి ఉండాలని రాయించాడు.

అత్త మాత్రం ఆ మధ్యాహ్నాన్ని కొట్టివేయలేదు. ఆ వీధిలో ఎవరు పోయినా గడపలోకి వచ్చి, ఆ పొద్దు నాకు లేచి నిలబడిన ఆయప్ప అంటూ, పాడె మలుపు తిరిగేదాకా నిలబడేది. ఇప్పటికీ నిలబడుతుంది. ఆ మధ్యాహ్నం లేచి నిలబడినవాళ్లలో ఆఖరి మనిషి, మూలమీది అంగడి ముసలాయన, పోయిన నెల పోయాడు. ఆ రోజు వీధి ఖాళీ అయ్యాక కూడా ఆమె లోపలికి రాలేదు. కాలం అందరినీ తీసుకుపోతుంది గాని, ఎవరిని ముందు సాగనంపారో వారినే ముందు తీసుకుపోవాలన్న నిబంధన దానికి ఎవరూ రాయలేదు.