బావగారి సీసా

ప్రయోగశాలలో అందరూ అతన్ని సీసాల బాబాయ్ అనేవారు. ఎలుకల గదిలో సీసాలు కడిగి, నింపి, బోన్లకు తగిలించడం అతని పని. పేరు అందుకే వచ్చిందని చెప్పుకునేవాడు. సాయంత్రాలు అతను ఖాళీ చేసే సీసాల సంగతి తెలిసినా, అందరూ నమ్మినట్టే తలూపేవారు.

ప్రతి బోనుకీ రెండు సీసాలు. ఒకదాంట్లో నీళ్ళు, ఇంకోదాంట్లో నీళ్ళు కలిపిన మద్యం. ఒక తీగ వేరులోంచి తీసిన మందు పెడితే ఎలుకల తాగుడు తగ్గుతుందా అని అక్కడి శాస్త్రవేత్త మేడం పరిశోధన.

"మద్యం ఒంట్లోకి వెళ్ళాక విషంగా మారుతుంది బాబాయ్. దాన్ని శుభ్రం చేసే ఎంజైము ఒకటుంది. ఈ మందు దానికి అడ్డుపడుతుంది. అప్పుడు తాగాలన్న యావ తగ్గుతుందని మా ఆశ."

"అంటే నాలాంటి కడిగేవాణ్ణి గుమ్మంలోనే ఆపేస్తారన్నమాట. ఇల్లు కంపు కొడుతుంటే ఇంకెవడు విందు చేసుకుంటాడు!"

నవ్వాడు గానీ ఆ మాట మనసులో పడింది. "తాగుడు మానేదాకా పాపను నీ చేతికివ్వను నాన్నా" అని కూతురు తెగేసి చెప్పింది మరి. మనవరాలిని దూరం నుంచే చూసుకుంటున్నాడు. ఒకరోజు గొంతు తగ్గించి, "ఆ మందు నాకూ కాస్త పెట్టండమ్మా" అన్నాడు.

"ఇదింకా మనుషుల దాకా రాలేదు. నీకు పనికొచ్చే మందులు డాక్టరు దగ్గరున్నాయి, వెళ్ళు."

"ఎలుకపాటి చెయ్యనా నేను?" అని మూతి ముడుచుకున్నాడు. డాక్టరు దగ్గరికి మాత్రం వెళ్ళలేదు.

ఇంతలో మందు తిన్న ఎలుకల్లో ఒకటి, బాబాయ్ ముద్దుగా బావగారు అని పిలిచేది, మద్యం సీసా వదలనంటోంది. మేడం తల పట్టుకుంది.

"సీసాల చోట్లు రోజూ మారుస్తున్నావా బాబాయ్? మార్చకపోతే అది మద్యం కోసం వెళ్తోందో, అలవాటుకొద్దీ ఆ పక్కకి వెళ్తోందో ఎలా తెలుస్తుంది?"

బాబాయ్ బావగారి బోనుకేసి చూశాడు. "మిగతావాటికి మారుస్తున్నానమ్మా. బావగారు పాపం సీసా కోసం వెతుక్కుంటుంటే చూడలేకపోయాను. ఆ బాధ నాకు తెలుసు."

"సాయం చేశాననుకున్నావు. దాని అలవాటుకి కాపలా కాశావు" అని మేడం చెడామడా తిట్టి, బావగారి ప్రయోగం మళ్ళీ మొదలుపెట్టింది.

ఇంటికొస్తే, మంచం తలవైపు చేతికందేచోట సీసా ఎప్పటిలాగే ఉంది. ఒకసారి వెతుక్కుంటూ పడి నుదురు పగలగొట్టుకున్నాడు. అప్పటి నుంచి భార్యే తిట్టుకుంటూ అక్కడ పెడుతోంది. బాబాయ్‌కి సిగ్గేసింది. అంతకంటే ఎక్కువగా ఆవిడ మీద జాలేసింది.

"ఇంక ఇది ఇక్కడ పెట్టకే."

"మరెక్కడ పెట్టమంటారు?"

"ఇంట్లోనే పెట్టకు. రేపు నాతో డాక్టరు దగ్గరికి రా."

ఆవిడ దగ్గరికొచ్చి వాసన చూసింది. "తాగొచ్చారా?"

"లేదే."

"మరి ఇలా మాట్లాడుతున్నారేంటి!" అంటూ కొంగుతో కళ్ళొత్తుకుంది.

మర్నాడు డాక్టరు గది ముందు బల్లమీద ఇద్దరూ కూర్చున్నారు. తల్లి ఫోన్ చేసిందేమో, కూతురూ పాపతో వచ్చి పక్కన కూర్చుంది. పాపను ఇవ్వలేదు. కానీ పాప కాలొకటి వచ్చి బాబాయ్ మోకాలి మీద పడితే, కూతురు దాన్ని వెనక్కి తీయలేదు. పిలుపు వచ్చేదాకా బాబాయ్ మోకాలు కదపలేదు.